బొడ్డు నుంచి కిందికి స్పర్శ తగ్గితే లోపం ఎక్కడ వెతకాలి?

ఫిజియోథెరపీ విద్యార్థిని, నల్లగొండ:
మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు కొన్ని నెలలుగా రెండు కాళ్లూ బిగుసుకుపోతున్నాయి. గుండుసూదితో తాకి చూస్తే బొడ్డు దగ్గర నుంచి కిందికి నొప్పి సరిగా తెలియడం లేదు. నడుముకు తీయించిన ఎమ్మారైలో మాత్రం ఎక్కడా ఒత్తిడి కనబడలేదు. మరి లోపం ఎక్కడున్నట్టు? స్పర్శ పరీక్షతో ఎంతవరకు చెప్పగలమో పెద్దలు వివరించగలరు.

న్యూరాలజీ వైద్యుడు, మహబూబ్‌నగర్:
అమ్మా, పెద్దవారిలో వెన్నుపాము 1వ లేదా 2వ నడుము పూస దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి ఉండేవి నరాల మూలాలు మాత్రమే కనుక, వాటి మీద ఒత్తిడి పడితే కాళ్లు సడలిపోతాయి గానీ బిగుసుకోవు. బొడ్డు చుట్టూ ఉన్న చర్మం 10వ థొరాసిక్ (ఛాతీ భాగపు) నరం పరిధిలోనిది. చనుమొనల దగ్గరిది 4వ దానిది. కాబట్టి నడుము ఎమ్మారై బాగుందని ఊరుకోకూడదు.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. నొప్పిని, వేడి చల్లదనాలను మోసే తంతువులు వెన్నుపాములోకి వచ్చాక ఒకటి రెండు ఖండాల (ఒక్కో జత నరాలు బయలుదేరే భాగాల) లోపే అవతలి వైపుకు దాటి పైకి వెళ్తాయి, వాటిలో కాళ్ల నుంచి వచ్చినవి బయటి అంచున ఉంటాయి కనుక, బయటి నుంచి ఒత్తిడి పడినప్పుడు తరచుగా ముందు అవే దెబ్బతింటాయి. అందువల్ల ఒత్తిడి మెడలో ఉన్నా స్పర్శలోపం బొడ్డు దగ్గరే ఆగినట్లు కనబడవచ్చు. చేతుల రిఫ్లెక్సులు (సుత్తితో తట్టినప్పుడు వాటంతటవే వచ్చే కదలికలు) తప్పక చూడండి, మెడకూ ఛాతీ భాగానికీ ఎమ్మారై తీయించమని మీ వైద్యులకు చెప్పండి.

పీజీ విద్యార్థి, హైదరాబాద్:
ట్యూనింగ్ ఫోర్క్‌తో కంపనం కూడా పరీక్షించండి. కంపనాన్ని, కీళ్ల స్థితిని తెలిపే తంతువులు మెదడు అడుగున ఉండే మెడుల్లా వరకు అదే వైపున సాగి అక్కడ దాటుతాయి. ఒక కాలిలో కంపనం, రెండో కాలిలో నొప్పి తెలియకపోతే వెన్నుపాములో ఒక సగం దెబ్బతిన్నదని అనుమానించాలి. 19వ శతాబ్దంలో బ్రౌన్ సెకార్డ్ అనే వైద్యుడు వివరించిన లక్షణం ఇదే. మేజోడు తొడిగినట్లు రెండు పాదాల నుంచి పైకి సమానంగా మొద్దుబారితే షుగరు వంటి కారణాలతో చివరి నరాలు దెబ్బతిని ఉండవచ్చు.

ప్రభుత్వ వైద్యాధికారి, నల్లగొండ జిల్లా:
ఆయన ఏ నీళ్లు తాగి పెరిగారో అడిగారా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఏళ్ల తరబడి తాగిన వారిలో వెన్నుపూసల మధ్య స్నాయువులు ఎముకలా గట్టిపడి, ముఖ్యంగా మెడలో వెన్నుపాము దారిని ఇరుకు చేస్తాయి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడినట్లు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. కృష్ణా నీళ్లు వచ్చినా, అప్పటికే ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ త్వరగా పోదు. మూత్రం ఆగిపోవడం, అదుపు తప్పడం మొదలైతే ఎమ్మారై కోసం రోజులు గడపకుండా వెంటనే న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి పంపించండి.