అప్‌డేట్: లైటు కింద పెంచుతున్న మిరప మొక్కలు కోలుకుంటున్నాయి

పోయిన నెల అడిగాను కదా, పూర్తిగా సేంద్రియ మట్టిలోనే పెంచుతున్నా మిరప లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతున్నాయని. మట్టిలో గుచ్చే మీటరు పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, 7 కంటే ఎక్కువైతే క్షారం) 6.5 చూపిస్తుంటే దాన్నే నమ్మి కూర్చున్నాను. మీరు చెప్పినట్టు ఒక వంతు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి, కాలిబ్రేట్ చేసిన (ముందే సరిచూసుకున్న) పెన్ను మీటరుతో చూస్తే పీహెచ్ 7.8! పీహెచ్ అంత ఎక్కువుంటే ఇనుము మట్టిలో ఉన్నా వేర్లకు అందదు మరి, అందుకే ఆకులు అలా అయ్యాయి. పీహెచ్ పెరగడానికి కారణం నేను వేసిన కట్టెల బూడిద, దానికి తోడు బోరు నీళ్లలోని బైకార్బొనేట్లు (క్షారగుణమున్న లవణాలు). బూడిద మానేసి, వాన నీళ్లకు మారి, పీహెచ్ తగ్గడానికి కొంచెం గంధకం పొడి కలిపాను, దాన్ని మట్టిలోని బ్యాక్టీరియా ఆమ్లంగా మార్చాలి కాబట్టి వారాలు పడుతుంది, తొందరపడి మళ్లీ వేయకండి. పాత ఆకులు అలాగే ఉన్నాయి కానీ నిన్న విప్పుకున్న చిగురు మాత్రం నిండు ఆకుపచ్చ, చూడగానే ప్రాణం లేచొచ్చింది.