చెన్నై గాలికి తట్టుకుని నాలుగు కాలాలు మన్నే రైఫిల్ షూటింగ్ సామగ్రి ఏది?

ప్రశ్న (పెరంబూరు నుంచి ఒక తండ్రి):

అందరికీ నమస్కారం. మేము నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది. ఇంతవరకు క్లబ్బు వారి రైఫిల్, క్లబ్బు వారి జాకెట్ వాడుకుంది. ఇక సొంత సామగ్రి ఉండాలని కోచ్ గారు చెప్పడంతో వెతకడం మొదలుపెట్టాను.

మన్నికైన సరుకు అని ఇంటర్నెట్‌లో మెచ్చుకునేవన్నీ చాలా వరకు విదేశాల్లో వేటగాళ్ల కోసం చేసినవే. మైనం పట్టించిన మందపాటి కోట్లు, చలికి తట్టుకునే బూట్లు, వాల్‌నట్ కర్ర బట్‌లు వంటివి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇప్పుడు వేట అన్నది లేదు కనుక ఆ సలహాల్లో మనకు పనికొచ్చేది ఎంతో, పనికిరానిది ఎంతో తేల్చుకోలేకపోతున్నాను. క్లబ్బులో గమనిస్తే, చెంప ఆనించే భాగం దగ్గర మరమేకుల తలలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి, జాకెట్ల భుజాల లోపల తోలు మీద తెల్లటి బూజు కనిపించింది. లక్షల్లో డబ్బు పోసి కొన్న వస్తువుకు నాలుగేళ్లలో అదే గతి పడితే మాలాంటి కుటుంబం మళ్లీ కొనలేదు.

ఏ వస్తువు మీద ఖర్చు పెట్టాలి, ఏది పాతది కొన్నా ఫరవాలేదు, బెల్టు, సంచుల వంటివి ఇక్కడే చేయించుకోవచ్చా అన్నది అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

సమాధానం (కొళత్తూరు నుంచి, క్లబ్బు రైఫిళ్ల మరమ్మతులు చూసే వ్యక్తి):

మన్నిక అనగానే చాలామంది బరువును, మందాన్ని, కంపెనీ పేరును చూస్తారు. మరమ్మతులు చేసేవాడిగా నేను చూసేది ఒక్కటే: ఈ వస్తువులో అరిగిపోయే భాగాలు ఏవి, వాటిని పదేళ్ల తరువాత కూడా తెప్పించి మార్చగలమా? జర్మనీలోని ఫెయిన్‌వెర్క్‌బౌ కంపెనీ 300 ఎస్ అనే పక్క లివర్ రైఫిల్‌ను దీనికి ఉదాహరణగా చెబుతాను. అది స్ప్రింగు, పిస్టన్‌లతో పనిచేసే పాతకాలపు రైఫిల్. పేల్చినప్పుడు పుట్టే కుదుపు భుజానికి తెలియకుండా మెషిన్ మొత్తం పట్టాల మీద కొద్దిగా వెనక్కి జరిగేలా దాన్ని రూపొందించారు. స్ప్రింగు, సీలు మార్చుకుంటూ వస్తే తయారై దశాబ్దాలు గడిచినా గురి చెడదు. దాని పక్కనే నిన్నగాక మొన్న వచ్చిన చవక రైఫిల్‌ను పెట్టి చూస్తే, ట్రిగ్గర్ భాగాలు పోత పోసి వదిలేసినవై ఉంటాయి. వాటికి విడి భాగాలు దొరకవు, సానపట్టి సరిచేసే వీలూ ఉండదు.

అలాగని మీ అమ్మాయికి ఆ పాత రైఫిల్ కొనమని నేను చెప్పను. ఇప్పుడు పోటీల్లో అందరూ వాడేది సిలిండర్‌లో నింపిన గాలితో పేలేదే. దానిలో కుదుపు దాదాపు ఉండదు, లివర్ లాగే శ్రమా లేదు. ఫెయిన్‌వెర్క్‌బౌ, వాల్తర్, ఆన్షుట్జ్, స్టేయర్ వంటి కంపెనీలవి ఏవైనా బ్యారెల్, ట్రిగ్గర్ విషయంలో నమ్మదగినవే. మన దేశంలో ప్రెసిహోల్ వారివి నేర్చుకునే దశకు సరిపోతాయి, విడి భాగాలు దగ్గరలోనే దొరకడం వాటికి పెద్ద బలం. ఎదిగే పిల్ల కనుక బట్ పొడవు, చెంప ఎత్తు విస్తారంగా జరుపుకోగలిగే అల్యూమినియం స్టాక్ (రైఫిల్‌ను పట్టుకుని భుజానికి ఆనించే చట్రం) తీసుకోండి. వానాకాలంలో కర్ర కొద్దిగా ఉబ్బి బిగింపులు మారే బెడద కూడా దానితో తప్పుతుంది. రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు మించకూడదన్న అంతర్జాతీయ నియమం ఉంది కాబట్టి బరువులు తగిలించే ముందు తూకం వేయించండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. గుర్తింపు, చిరునామా పత్రాలు ఇచ్చి కొనుక్కోవచ్చు. 10 మీటర్ల పోటీ రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జౌళ్లు మాత్రమే. వేటకని అమ్మే అంతకన్నా శక్తిమంతమైన రైఫిళ్ల జోలికి వెళ్లకండి. అవి ఈ ఆటకు పనికిరావు.

తుప్పు విషయంలో రైఫిల్‌ను తప్పు పట్టడానికి లేదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, చెమటలోనూ ఉప్పే. సాధన ముగియగానే చాలామంది రైఫిల్‌ను నేరుగా స్పాంజి పరిచిన పెట్టెలో పెట్టి మూసేస్తారు. స్పాంజి తేమను పట్టుకుని వదలదు, అందుకే స్పాంజికి ఆనుకున్న చోటే మొదట మచ్చ పడుతుంది. పెట్టె ప్రయాణానికే. ఇంట్లో బీరువాలో నిలబెట్టి, పక్కన సిలికా జెల్ డబ్బా ఉంచండి. నీలం రంగు గుళికలు గులాబీ రంగుకు మారితే తేమతో నిండిపోయాయని గుర్తు. వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనిచేస్తాయి. రైఫిల్‌ను పొడి గుడ్డతో తుడిచిన తరువాత, నూనె అద్దిన మరో గుడ్డతో ఉక్కు భాగాలను మాత్రమే తుడవండి. గాలి నిండే చోట, సిలిండర్ మర దగ్గర మామూలు నూనె చుక్క కూడా తగలకూడదు. ఎక్కువ ఒత్తిడి ఉన్న గాలిలో అలాంటి నూనె అంటుకునే ప్రమాదం ఉంది, గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ (O) రింగులూ పాడవుతాయి. అక్కడ కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు మాత్రమే వాడాలి.

సమాధానం (అడయారు నుంచి, తోలు పరిశ్రమలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి):

పై సోదరుడు రైఫిల్ గురించి చెప్పవలసింది చెప్పారు. నాకు తెలిసింది తోలు. మన యలవర్తి నాయుడమ్మ గారు డైరెక్టరుగా నడిపించిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉన్న ఊరిలో ఉంటూ, తోలు సామాను కోసం విదేశీ సైట్లు వెతకవలసిన అవసరం లేదని నా దృఢ అభిప్రాయం.

ముందు జాకెట్ సంగతి. దాని గట్టిదనమే షూటర్‌కు ఆధారం, కానీ ఆ గట్టిదనానికి హద్దు ఉంది. నియమాల ప్రకారం గుడ్డ, అస్తరు కలిపి మందం 2.5 మిల్లీమీటర్లు మించకూడదు, మోచేతులు, భుజం దగ్గర వేసే అదనపు పొరలకు వేరే పరిమితి ఉంది. కనుక పాత జాకెట్‌కు ఎక్కడైనా చిరిగితే మామూలు దర్జీ చేత అతుకు వేయిస్తే, అది దిట్టంగానే ఉంటుంది గాని పోటీ రోజు తనిఖీలో నిలవదు. కుట్టు విడిపోయిన చోట పాత రంధ్రాల్లోనే పాలియెస్టర్ దారంతో మళ్లీ కుట్టించాలి. నూలు దారం ఇక్కడి చెమటకు త్వరగా చివుకుతుంది.

మీరు చూసిన బూజుకు మూలం చెమట ఉప్పు. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తోలు ఎప్పుడూ చెమ్మగా ఉండిపోతుంది, బూజుకు అంతకన్నా కావలసింది లేదు. లోపల నూలు బనియను తొడిగి ప్రతిసారీ దాన్ని ఉతకండి. జాకెట్‌ను బొత్తాలు విప్పి, వెడల్పాటి భుజాలున్న హ్యాంగరుకు తగిలించి, నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి. ఎండలో వేస్తే తోలు బిగుసుకుపోయి ముడతల దగ్గర పగులుతుంది. బూజు పట్టినదాన్ని ఆరుబయట పొడి బ్రష్షుతో దులిపి, నీళ్లు కలిపిన స్పిరిట్‌లో తడిపి పిండిన గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. కలరా ఉండలు పురుగులకే తప్ప బూజుకు పనిచేయవు. కొబ్బరి నూనె రాయడం మన ఇళ్లలో అలవాటు. జాకెట్‌కు మాత్రం దయచేసి రాయవద్దు, తోలు మెత్తబడి ఆధారం పోతుంది.

బెల్టు, పెల్లెట్ల (చిన్న సీసపు గుండ్ల) సంచి, ముందు ముందు పడుకుని కాల్చే పోటీలకు వెళితే కావలసిన స్లింగ్ (రైఫిల్‌ను చేతికి ఆనించి పట్టే పట్టీ), ఇవన్నీ మన చెన్నైలోని పెరియమేడులో చేయించుకోవచ్చు. తంగేడు చెక్కతో (బెరడుతో) పదును పెట్టిన తోలు ఈ మద్రాసు ప్రాంతపు పాత విద్య. ఈస్ట్ ఇండియా తోలు పేరుతో ఓడలెక్కి వెళ్లింది అదే. అది వంగుతుంది గాని సాగిపోదు, పెట్టిన ఆకారం నిలుపుకుంటుంది, కాబట్టి బెల్టుకూ స్లింగ్‌కూ నేను దానినే ఎంచుకుంటాను. దుకాణంలో తోలు అంచును కోయించి చూడండి. క్రోము లవణాలతో పదును పెట్టిన తోలైతే సాధారణంగా మధ్యలో నీలి బూడిద రంగు గీత కనిపిస్తుంది, చెట్టు చెక్కతో చేసినదైతే పై నుంచి కింది దాకా ఒకే లేత గోధుమ రంగు. బకిలు ఇత్తడిదో, పూత పూసిన ఇనుమో తెలుసుకోవడానికి ఒక చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకోండి. కుట్టు రెండు సూదులతో చేతితో వేయించండి. మిషను కుట్టులో ఒక పోగు తెగితే వరుసంతా ఊడుతుంది, చేతికుట్టులో తెగిన చోటే ఆగుతుంది. కొలత మరవకండి: పోటీలో నడుము బెల్టు వెడల్పు 40 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు మించితే అనుమతించరు.

వేట ప్రియుల సైట్లలో అందంగా కనిపించే తోలు తొడుగులు రైఫిల్‌కు చేయించకండి. చెట్టు చెక్కతో పదును పెట్టిన తోలులో ఆమ్ల గుణం ఉంటుంది, ఇక్కడి తేమ తోడైతే ఉక్కు తుప్పు పడుతుంది.

సమాధానం (బెంగళూరు, మారతహళ్లి నుంచి ఒక తల్లి):

మా అబ్బాయి కూడా ఇదే వయసులో మొదలుపెట్టాడు కనుక ఒకటి రెండు మాటలు. జాకెట్, ప్యాంటు పిల్లలకు త్వరగా పొట్టి అయిపోతాయి. ఇప్పుడే విదేశీ జాకెట్‌ను కొలతకు కుట్టించకుండా, క్లబ్బులో పెద్ద పిల్లలు వదిలేసినవి చూడండి. ఎదుగుదల ఆగాక మంచిది కుట్టించవచ్చు. డబ్బు రైఫిల్ మీద పెట్టండి. బూట్లు మాత్రం పాతవి వద్దు, ఒకరి పాదానికి అలవాటైన అడుగు మరొకరికి కుదురుగా ఉండదు.

ఇక్కడి గాలి మీ చెన్నై అంత తేమగా ఉండదు కాబట్టి బూజు బాధ మాకు తక్కువ. కానీ పెల్లెట్ల డబ్బా మూత సరిగా పెట్టకపోతే సీసం మీద తెల్లటి పొడి పట్టడం మేమూ చూశాం. అలాంటివి వాడకండి. పిల్లల చేత పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించడం, ఆ తరువాతే తినుబండారం ఇవ్వడం తప్పనిసరి.

అడిగినవారు మళ్లీ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. అడయారు పెద్దాయన చెప్పినట్టు బెల్టు, సంచి పెరియమేడులో చేయిస్తాను, జాకెట్ క్లబ్బులోనే చూస్తాను. రైఫిల్ విషయంలో ఒక సందేహం మిగిలింది. ఆట మానేసిన ఒక కుర్రవాడి దగ్గర జర్మనీ రైఫిల్ అమ్మకానికి ఉంది. చూడటానికి కొత్తదానిలా ఉంది, సిలిండర్‌కు ఎనిమిదేళ్లు దాటాయి, చేతి పంపు కూడా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా, కొళత్తూరు అన్నగారూ?

సమాధానం (కొళత్తూరు నుంచి):

తీసుకోవచ్చు, అయితే సిలిండర్‌కు విలువ కట్టకండి. దాని మీద చెక్కిన తయారీ నెల, సంవత్సరం మీ కళ్లతో చూడండి. పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీలో అనుమతించరు, గడువులో ఉన్నదాన్ని తెచ్చుకునే బాధ్యత షూటర్‌దే. కొత్త సిలిండర్ ధరను ముందే తగ్గించి బేరం మాట్లాడండి.

చేతి పంపు నాకు నచ్చని వస్తువు. చెన్నై గాలిని 200 బార్ ఒత్తిడి దాకా కుదించినప్పుడు అందులోని ఆవిరి నీరై సిలిండర్‌లో చేరుతుంది, వాల్వులోకి వెళుతుంది, లోపలి నుంచే తుప్పు మొదలవుతుంది. తేమ పీల్చే గొట్టం ఉన్న పంపైతే, దానిలోని గుళికలు మారుస్తూ, మధ్యమధ్య ఆపి నీటిని వదులుతూ అత్యవసరానికి వాడుకోవచ్చు. రోజువారీగా క్లబ్బులో ఆరబెట్టిన గాలి నింపిన పెద్ద సిలిండర్ నుంచే నింపించండి, నెమ్మదిగా నింపమని చెప్పండి. ఆక్సిజన్ మాత్రం ఎవరు ఇస్తామన్నా నింపించకండి, పేలుతుంది.

కొనే ముందు సిలిండర్ నింపి గేజి అంకె రాసుకుని, ఒక రాత్రి ఉంచి పొద్దున మళ్లీ చూడండి. ముల్లు దిగితే ఓ రింగులు అరిగాయన్నమాట, అది చిన్న ఖర్చే. బ్యారెల్ చివర వెలుతురులో చూసి, అంచు మీద దెబ్బ గాని గీత గాని ఉంటే వదిలేయండి. ఆ తరువాత రైఫిల్‌ను బిగించి, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో పది కాల్పించి ఆ కాగితం తెచ్చి చూపించండి, మిగతాది నేను చూసి చెబుతాను.