యురేనియం శుద్ధి కర్మాగారం పక్కన ఊరి బతుకు ఎలా మారుతుంది? తెలిసినవారు చెప్పగలరు

మాది దేవరకొండ ప్రాంతం. నాగార్జునసాగర్ జలాశయానికి చేరువలోని లంబాపురం, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం తవ్వి, ముడిఖనిజాన్ని దేవరకొండ దగ్గరి శేరిపల్లిలో శుద్ధి చేయాలన్న భారత యురేనియం సంస్థ ప్రతిపాదనపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ నాటికి నేను బడిపిల్లవాణ్ణి. మేకలు కాయబోయిన మా తాత, అన్వేషణ కోసం వేసిన బోరు గొట్టం మూతిపై సిమెంటు బిళ్ళను చేతికర్రతో తట్టి చూపించడం ఇప్పటికీ కళ్ళముందుంది.

ఇప్పుడు మా ఊరి చరిత్ర రాస్తున్నాను. 1967లో ఏర్పడిన ఆ సంస్థకు పుట్టినిల్లయిన జార్ఖండ్‌లోని జాదూగూడలో గాని, క్షార ద్రావణంతో యురేనియాన్ని వేరుచేసే కడప జిల్లా తుమ్మలపల్లిలో గాని పనిచేసినవారు, ఆ చుట్టుపక్కల నివసించినవారు ఎవరైనా ఉన్నారా? కొలువులు స్థానికులకు ఏ మేరకు దక్కాయి, వ్యర్థాల చెరువు వచ్చాక బావినీళ్ళను జనం ఎలా చూశారు, భూమి ఇచ్చిన కుటుంబాలు ఇప్పుడేం చేస్తున్నాయి? పొగడ్తా వద్దు, తిట్టూ వద్దు (రెండూ మా దగ్గర సరిపడా ఉన్నాయి). కళ్ళారా చూసింది చాలు. నాటి ప్రజాభిప్రాయ సేకరణకు సంబంధించిన కరపత్రాలు, తెలుగు పత్రికల కత్తిరింపులు ఎవరి వద్దనైనా ఉంటే, వాటి నకళ్ళు ఇప్పించగలరని మనవి.