ఎలీట్ (1984, బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో అంతరిక్ష వ్యాపార ఆట): డాకింగ్ (స్టేషన్‌లోకి చేరడం) వేళ ఓడ దొర్లుడు నిలకడగా ఉంచేదెలా?

లేవ్ గ్రహంలో ఆహారం కొని లీస్టీ గ్రహంలో అమ్మడం, తిరుగు ప్రయాణంలో కంప్యూటర్లు తేవడం బాగానే సాగుతోంది. చిక్కల్లా తిరుగుతూ ఉండే కొరియోలిస్ అంతరిక్ష స్టేషన్‌లోకి దూరడమే.

ద్వారం ఎప్పుడూ గ్రహం వైపే ఉంటుంది కాబట్టి, స్టేషన్‌కీ గ్రహానికీ మధ్యకి వెళ్లి, వెనక్కి తిరిగి, ద్వారాన్ని గురి మధ్యకి తెచ్చి, వేగం బాగా తగ్గించి వస్తున్నాను. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. తర్వాత స్టేషన్ తిరిగే వేగంతోనే ఓడనూ దొర్లిస్తూ ద్వారం అడ్డంగా కనిపించేలా పట్టుకోవాలి. ఓడను దొర్లించే కామా, చుక్క మీటల మీంచి వేలు తీయగానే దొర్లుడు దానంతటదే తగ్గిపోతోంది. మళ్లీ నొక్కితే మోతాదు మించుతోంది. ద్వారం ఏటవాలుగా ఉన్నప్పుడు వేగంగా తగిలితే నా ఓడ కోబ్రా ముక్కలే.

కాపీ మీటతో ఆట ఆపి క్యాప్స్ లాక్ నొక్కితే దొర్లుడు ఇలా దానంతటదే తగ్గడం (డ్యాంపింగ్) పోతుంది, డిలీట్‌తో ఆట మళ్లీ మొదలవుతుంది. కానీ డ్యాంపింగ్ లేకుండా పోరాటంలో గురి కుదరడం నరకం. మీరు డాకింగ్‌కి ముందు మాత్రమే తీసేస్తారా, లేక డ్యాంపింగ్ అలాగే ఉంచి, దొర్లించే మీటను తడుతూ నెట్టుకొస్తారా? తడితే ఏ దూరం నుంచి మొదలుపెట్టాలి?

ఓడను తానే స్టేషన్‌లోకి చేర్చే డాకింగ్ కంప్యూటర్ కొనమని మాత్రం చెప్పకండి. దానికి 1500 క్రెడిట్లు. ముందు 400 పెట్టి సరుకు గదిని 20 టన్నుల నుంచి 35కి పెంచాలి.