రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడ మలుపు తిరిగింది? నా ఓటు స్టాలిన్‌గ్రాడ్‌కి కాదు, మాస్కోకి

గోదారిగట్టు:

మొన్న మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే ఒకాయన "హిట్లర్‌కి అసలు దెబ్బ ఎక్కడ తగిలింది?" అని అడిగాడు. ఐదుగురం ఒకేసారి "స్టాలిన్‌గ్రాడ్" అన్నాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే నా జవాబు నాకే నచ్చలేదు. మనవాళ్లకి ఆ పేరంటే మోజు. మా ఊళ్లో స్టాలిన్ అని పేరున్నవాళ్లే ముగ్గురున్నారు, ఇంక చెప్పేదేముంది.

నా వాదన ఇది. 1941 జూన్ 22న జర్మనీ రష్యా మీద పడ్డప్పుడు మొత్తం ప్లాను ఒక్క లెక్క మీదే నడిచింది: చలి ముదిరేలోపు పని అయిపోవాలి. ముప్పై లక్షల పైచిలుకు సైన్యం ఉత్తరాన లెనిన్‌గ్రాడ్, మధ్యలో మాస్కో, దక్షిణాన ఉక్రెయిన్ వైపు ఒకేసారి కదిలింది. అక్టోబర్ వానలకి రోడ్లు బురదగుంటలయ్యాయి. డిసెంబర్ మొదటి వారానికి మాస్కో పొలిమేరల్లో ఆగిపోయారు. 5వ తేదీన రష్యన్ల ఎదురుదాడి మొదలైంది, దాన్ని నడిపింది రష్యన్ జనరల్ జూకోవ్. జర్మన్లు కొన్నిచోట్ల వంద, కొన్నిచోట్ల రెండు వందల కిలోమీటర్లకి పైగా వెనక్కి పోయారు. అప్పటిదాకా నేల మీద వాళ్లకి అంత దెబ్బ ఎవరూ కొట్టలేదు.

అదే వారంలో, 7న పెర్ల్ హార్బర్‌లో అమెరికా నౌకాదళం మీద జపాన్ దాడి. 11న హిట్లర్ ఎవరూ అడక్కుండానే అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. మరుసటి ఏడాది మూడు వైపులా దాడి చేసే ఓపిక జర్మనీకి లేదు, ఒక్క దక్షిణానికే సరిపోయింది. ఆ దక్షిణానికి పోయే స్టాలిన్‌గ్రాడ్‌లో ఇరుక్కున్నారు. అసలు అప్పు మాస్కో దగ్గర చేశారు, మిగతాదంతా వడ్డీ. కాదనేవాళ్లు చెప్పండి.

పాతపేపర్లు:

కాదంటాను. గోదారిగట్టు గారూ, మీ లెక్కలో ఒక చిక్కుంది. 1941 డిసెంబర్‌లో నిజంగా నడుం విరిగినవాడు 1942 ఆగస్టుకి వోల్గా నది ఒడ్డుకీ (స్టాలిన్‌గ్రాడ్ ఉన్నది అక్కడే) కాకసస్ కొండలకీ ఎలా చేరాడు? మాస్కో తర్వాత జర్మన్ సైన్యం ఇంకో వేసవంతా గెలుస్తూనే ఉంది. మైకోప్ చమురు బావుల దాకా వెళ్లారు. (అక్కడ రష్యన్లు బావుల్ని పాడుచేసి పోయారు, అది వేరే సంగతి.)

స్టాలిన్‌గ్రాడ్‌లో ఏం జరిగిందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఆగస్టు 23 బాంబింగుతో ఊరు శిథిలమైంది. ఊరిని కాపాడుతున్న రష్యన్ జనరల్ చూయికోవ్ తన సైనికులకి చెప్పింది ఒక్కటే: జర్మన్లకి ఎంత దగ్గరగా ఉండగలిగితే అంత దగ్గరగా ఉండండి. ఒకే బిల్డింగులో కింది అంతస్తు వీళ్లది, పై అంతస్తు వాళ్లది. పైనుంచి విమానం బాంబు వేద్దామంటే సొంత మనుషులు పోతారు. ధాన్యం నిల్వచేసే ఒక్క ఎలివేటర్‌ని కొద్దిమంది రష్యన్లు రోజుల తరబడి వదల్లేదు. ఆహారం, తూటాలు, కొత్త మనుషులు, అన్నీ రాత్రిపూట నది దాటి రావాలి.

నవంబర్ 19న రష్యన్లు ఊళ్లోని జర్మన్లని వదిలేసి, ఊరికి రెండు పక్కలా జర్మనీ తరఫున కాపలా ఉన్న రుమేనియా సైన్యాల మీద పడ్డారు. వాళ్ల దగ్గర ట్యాంకుల్ని ఆపే ఫిరంగులు సరిగ్గా లేవు. నాలుగు రోజుల్లో ఉచ్చు బిగిసింది, లోపల రెండున్నర లక్షల పైన మనుషులు. జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ విమానాల్లో రోజుకి 500 టన్నుల సరుకు దింపుతానన్నాడు. సగటున దిగింది అందులో నాలుగో వంతు కూడా లేదు. లోపలున్నవాళ్లు గుర్రాల్ని కోసుకు తిన్నారు. జనవరి 30న ఆ ఉచ్చులో ఉన్న జర్మన్ సేనాని పౌలస్‌కి ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చారు. అంతకుముందు ఏ జర్మన్ ఫీల్డ్ మార్షల్ లొంగిపోలేదు కాబట్టి, ఆ ప్రమోషన్‌కి అర్థం "కాల్చుకో" అని. ఆయన మర్నాడే లొంగిపోయాడు. ఖైదీలు సుమారు 91,000. ఇళ్లకి తిరిగి చేరింది ఆరు వేల లోపే, ఆఖరి బ్యాచ్ 1955లో.

మాస్కో దగ్గర జర్మనీ గెలవలేకపోయింది. స్టాలిన్‌గ్రాడ్‌లో ఓడిపోయింది. రెండూ ఒకటి కాదు.

గుంతకల్‌జంక్షన్:

గెలవలేకపోవడం ఒకటీ ఓడిపోవడం ఒకటీ అన్న మాట బాగుంది. కానీ మీరిద్దరూ జనరల్స్ గురించే మాట్లాడుతున్నారు. నేను రైల్వేలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ని, నాకు ముందు పట్టాలే కనిపిస్తాయి.

రష్యాలో పట్టాల మధ్య దూరం ఐదు అడుగులు. జర్మనీలో నాలుగు అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అంటే జర్మన్ బండి సరిహద్దు దాటాలంటే ఒక పట్టాని పీకి పక్కకి జరిపి మళ్లీ బిగించాలి, వేల కిలోమీటర్లు. లేదంటే ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాలి. ఆ బాధేంటో నన్నడగండి. మా గుంతకల్లులో మీటర్ గేజ్, బ్రాడ్ గేజ్ రెండూ ఉన్న రోజుల్లో, ట్రాన్‌షిప్‌మెంట్ షెడ్‌లో పక్కపక్కన రెండు వ్యాగన్లు పెట్టి బస్తా బస్తా హమాలీల భుజం మీద మార్చేవాళ్లు. సిమెంటు వస్తే ఆ రోజంతా మా డ్యూటీ రిజిస్టర్ మీద కూడా దుమ్మే. శత్రువులూ లేరు, మంచూ లేదు, అయినా సరుకు రోజుల తరబడి ఆగేది.

పైగా జర్మన్ ఇంజిన్లలో నీళ్ల గొట్టాలు బాయిలర్ బయట ఉండేవి. రష్యా చలికి గడ్డకట్టి పగిలిపోయాయి. వచ్చే కొద్ది బళ్లలో పెట్రోలు పంపాలా, తూటాలు పంపాలా, చలికోట్లు పంపాలా? కోట్లు వెనక పోలండ్‌లో ఉండిపోయాయి. చలి సేనాని గెలిపించాడు అంటారు కానీ, చలి రష్యావాడికీ అంతే. వాడికి కోటు అందింది, వీడికి అందలేదు. అది గూడ్సు షెడ్డు సంగతి. నా ఓటు మాస్కోకే.

వైజాగ్‌బీచ్‌రోడ్:

అందరూ రష్యాలోనే తిరుగుతున్నారు. యుద్ధంలో సగం సముద్రం మీద జరిగింది బాబూ. 1942 జూన్ 4, పసిఫిక్‌లో అమెరికా చేతిలోని చిన్న దీవి మిడ్వే. అమెరికావాళ్లు జపాన్ కోడ్‌లో "ఏఎఫ్" అంటే మిడ్వేనా కాదా అని తేల్చుకోవడానికి, మిడ్వేలో మంచినీళ్లు అయిపోతున్నాయని ఒక దొంగ మెసేజ్ పంపారు. కొద్దిరోజులకి జపాన్‌వాళ్లు "ఏఎఫ్‌లో నీళ్లు లేవట" అని తమలో తాము చెప్పుకున్నారు. దొరికిపోయారు. ఒక్కరోజులో నాలుగు విమానవాహక నౌకల పని అయిపోయింది: అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ. అందులో మూడింటికి నిప్పంటుకోవడానికి పట్టింది నిమిషాలే. మా వైజాగ్ మీద బాంబులేసింది కూడా ఆ ఓడలే కదా, అందుకే నా ఓటు మిడ్వేకి. ఇది మా ఊరి పగ.

పాతపేపర్లు:

పగ సరే, ఓడ తప్పు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసిన విమానాలు ర్యూజో అనే చిన్న విమానవాహక నౌకవి. జపాన్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలో బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వేటాడిన దళం అది. మీరు చెప్పినవాటిలో అకాగి, సోర్యూ, హిర్యూ అంతకు ముందురోజు కొలంబో మీద దాడి చేశాయి. కాగా అప్పుడు జపాన్‌లో రిపేర్లో ఉంది. మిడ్వే జరుగుతున్నప్పుడు ర్యూజో అక్కడ లేనే లేదు, అలాస్కా వైపు అల్యూషియన్ దీవుల దగ్గరుంది. ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది. కాబట్టి మీ పగ తీరింది సోలమన్స్‌లో.

వైజాగ్‌బీచ్‌రోడ్:

సరే మాస్టారూ, ఒప్పుకున్నాను. చిన్నప్పటి నుంచి విశాఖ మ్యూజియంలో ఆ పేలని బాంబు చూపించి మా నాన్న ఇదే కథ చెప్పాడు. ఇవాళ ఫోన్ చేసి ఆయనకి చెప్పాలి, వినడు.

అయినా మిడ్వే వాదన వదలను. జపాన్ మళ్లీ అంతటి నౌకాదళంతో హిందూ మహాసముద్రం వైపు రాలేదు. వాళ్లు కోల్పోయింది ఓడల్నే కాదు, వాటిలో పనిచేసిన అనుభవం ఉన్న మెకానిక్కుల్ని కూడా. అమెరికా కొత్త ఓడలు కడుతూనే పోయింది.

ఓరుగల్లుకోట:

అన్నా, జపాన్ ఓడితే హిట్లర్ ఆగడు కదా. రెండు యుద్ధాల్ని ఒక గంపలో వేసి తూకం వేయడం ఎందుకు? అసలు యూరప్‌లో అందరూ మర్చిపోయేది 1944 జూన్ 22, రష్యన్లు మొదలుపెట్టిన బగ్రాతియాన్ దాడి. అమెరికా, బ్రిటన్ సేనలు ఫ్రాన్స్‌లో దిగిన నార్మండీ గురించి ఎన్ని సినిమాలు! అదే నెలలో బెలారుస్‌లో జర్మనీ మధ్య సైన్యం మొత్తం కుప్పకూలింది. జూలై 17న యాభై ఏడు వేల మంది జర్మన్ ఖైదీల్ని మాస్కో వీధుల్లో నడిపించి, వెనకాల నీళ్ల ట్యాంకర్లతో రోడ్డు కడిగించారు. అమెరికా ఇచ్చిన స్టూడిబేకర్ లారీలు లేకపోతే అంత వేగంగా తరమలేకపోయేవాళ్లు, అది కూడా చెప్పాలి.

గోదారిగట్టు:

బగ్రాతియాన్ పెద్దదే, కానీ అప్పటికి ఎవరు గెలుస్తారో ఖాయమైపోయింది. మలుపు అంటే అంతకు ముందు బండి ఎటైనా పోయే వీలుండాలి. అలా చూస్తే 1943లో రష్యాలో జరిగిన కుర్స్క్ ట్యాంకుల పోరు కూడా నా లెక్కలోకి రాదు.

రంగంమనవరాలు:

రెండ్రోజులుగా చదువుతున్నాను. ఒక మాట.

మా అమ్మమ్మ వాళ్లది శ్రీకాకుళం వైపు. వాళ్ల నాన్న రంగంలో ధాన్యం మిల్లులో కూలీ. (ఇప్పటి పిల్లలకి: రంగం అంటే రంగూన్. మా వైపు ఇంటికొకరు రంగం వెళ్లినవాళ్లే.) 1941 డిసెంబర్ 23న రంగం మీద బాంబులు పడ్డాయి. అంటే గోదారిగట్టు గారి మలుపు తిరిగి మూడు వారాలు కూడా కాలేదు. వీళ్లు బర్మాలోనే ప్రోమ్ అనే ఊరి దాకా ఎలాగో చేరి, అక్కడి నుంచి అరకాన్ కొండలు నడిచి దాటి సముద్రం ఒడ్డున టౌంగప్‌లో పడవెక్కారు. అమ్మమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. దారిలో నీళ్ల కోసం క్యూలో నిలబడితే వాంతులూ విరోచనాలతో మనుషులు ఆ క్యూలోనే కూలిపోయేవాళ్లట. తమ్ముడు కొండల్లోనే పోయాడు. ఊరు చేరి హమ్మయ్య అనుకుంటే ఏప్రిల్లో విశాఖ మీద బాంబులు. జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే కొంతకాలం గుంటూరుకి తరలిపోయింది.

మార్చిలో రంగం జపాన్ చేతిలో పడ్డాక బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. బియ్యం రాకపోవడం ఒక్కటే కారణం కాదు, తీరంలో జనం పడవల్ని ప్రభుత్వం లాక్కోవడం, ధరలు, ప్రభుత్వం చేతులెత్తేయడం అన్నీ ఉన్నాయి. మీరు చెప్పే డిసెంబర్ 5 మాస్కోకి మలుపే. మా ఇంట్లో లెక్క మాత్రం ఆ తేదీ తర్వాతే మొదలవుతుంది. ఈ వైపు జపాన్ వెనక్కి తిరిగింది 1944లో ఇంఫాల్, కోహిమా దగ్గర. కోహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకి అటు ఒకళ్లు, ఇటు ఒకళ్లు ఉండి కొట్టుకున్నారు. ఆ పేరు ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఒక్కరూ ఎత్తలేదు.

గుంతకల్‌జంక్షన్:

అమ్మా, మీరు చెప్పింది నిజం. కోహిమా నేనూ ఎత్తలేదు. అక్కడ కూడా సరుకు కథే. జపాన్‌వాళ్లు మూడు వారాల తిండితో బయల్దేరారు, బ్రిటిష్ గోడౌన్లు పట్టుకుని తిందామని. పట్టుకోలేకపోయారు. తూటాలకంటే ఆకలికీ జబ్బులకీ పోయినవాళ్లే ఎక్కువ.

గోదారిగట్టు:

టైటిల్ మార్చే ఆప్షన్ పోయింది, లేకపోతే "యూరప్‌లో" అన్న మాట చేర్చేవాణ్ని. పాతపేపర్లు గారూ, జర్మనీ గెలిచే దారి మాస్కో దగ్గర మూసుకుపోయిందనే ఇప్పటికీ అంటాను. అది వెంటనే ఓటమి కాదన్న మీ మాట మాత్రం తీసుకుంటున్నాను. రంగంమనవరాలు గారూ, మీ అమ్మమ్మగారు ఇంకా ఉన్నారా? టౌంగప్ దారి గురించి ఆవిడ చెప్పినవి ఎక్కడైనా రాసి పెట్టారా?

రంగంమనవరాలు:

లేరండీ, పోయి ఆరేళ్లయింది. ఫోన్లో రికార్డు చేసినవి రెండు గంటలున్నాయి. సగం బర్మా మాటలే, అర్థమయ్యేవాళ్లు దొరికితే టైపు చేసి కొత్త థ్రెడ్ పెడతాను.