పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబు) టీవీకి గేమింగ్ పీసీ: బొమ్మ వస్తోంది, కలర్ రావట్లేదు

జాయ్‌స్టిక్_బెజవాడ:
21 అంగుళాల సీఆర్‌టీ టీవీ. వెనక పసుపు సాకెట్ ఒకటి, తెలుపు ఒకటి, యాంటెన్నా సాకెట్, అంతే. పీసీలో జీటీఎక్స్ 1660 గ్రాఫిక్స్ కార్డు, విండోస్ 11. మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి (ఆ రంగు సాకెట్లకు) మార్చే చిన్న డబ్బా పెట్టాను. బొమ్మ బ్లాక్ అండ్ వైట్‌లోనే వస్తోంది. మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారు. టాస్క్‌బార్ స్క్రీన్ కిందికి పోయింది, అక్షరాలు చదవలేం. ఎర్ర వైరు ఎక్కడ పెట్టాలో తెలీదు. ఎమ్యులేటర్‌లో (పాత గేమ్ మెషీన్లను పీసీలో అనుకరించే సాఫ్ట్‌వేర్) పాత ఫైటింగ్ గేములు, అప్పుడప్పుడు రేసింగ్ ఆడాలని. డబ్బా మార్చాలా, సెట్టింగులతో సరిపోతుందా?

రాస్టర్_లైన్:
డబ్బా మార్చక్కర్లేదండి. దాని పక్కన పాల్, ఎన్‌టీఎస్‌సీ అని చిన్న స్విచ్ ఉంటుంది. అవి రెండు టీవీ సిగ్నల్ పద్ధతులు, మన దగ్గర వాడేది పాల్. ఇప్పుడది ఎన్‌టీఎస్‌సీ వైపు ఉండుంటుంది. పాల్ వైపు జరిపి, పవర్ తీసి మళ్లీ పెట్టండి. ఎన్‌టీఎస్‌సీలో రంగు 3.58 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, మన పాల్ టీవీ 4.43 దగ్గర వెతుకుతుంది. గీతలు, సింక్ (గీత ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సంకేతం) అందుతాయి కాబట్టి బొమ్మ నిలబడుతుంది, రంగు మాత్రం దొరకదు.

సన్నగా కనిపించడానికి కారణం 16:9 బొమ్మను డబ్బా 4:3లోకి నొక్కేయడం. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో రిజల్యూషన్ 720×576, రిఫ్రెష్ 50 హెర్ట్జ్ పెట్టండి. స్కేలింగ్ దగ్గర ‘నో స్కేలింగ్’, దాని కింద ‘డిస్‌ప్లే’ ఎంచుకోండి. లేకపోతే గ్రాఫిక్స్ కార్డే పక్కల నల్ల పట్టీలు వేసి మళ్లీ 16:9 పంపుతుంది. 50 ఎందుకంటే, పాల్ సిగ్నల్‌లో టీవీ సెకనుకు 50 ఫీల్డులే (గీత విడిచి గీతగా వచ్చే సగం బొమ్మలు) గీస్తుంది. పీసీ 60 పంపితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి డబ్బా పారేస్తుంది. రేసింగ్‌లో రోడ్డు కుదుపుతున్నట్టు కనిపించేది అందుకే.

అంచులు తెగడం టీవీ తప్పు కాదు, సీఆర్‌టీలు బొమ్మను గాజు అంచు దాటించే గీస్తాయి. అదే ప్యానెల్‌లో డెస్క్‌టాప్ సైజ్ తగ్గించుకోవచ్చు. గేములో ‘సేఫ్ ఏరియా’ (ముఖ్యమైనవి అంచులకు లోపలే ఉంచే) ఆప్షన్ ఉంటే అది ఇంకా మంచిది.

అక్షరాల సంగతి మాత్రం ఏ సెట్టింగుతోనూ పూర్తిగా తీరదు. పసుపు వైరులో వెలుగూ రంగూ ఒకే తీగ మీద వస్తాయి, పైగా ఒక పిక్సెల్ మందం ఉన్న అడ్డగీత ఇంటర్లేస్‌లో (బొమ్మను ఇలా గీత విడిచి గీతగా గీయడంలో) వణుకుతుంది. మామూలు మానిటర్‌ను ‘ఎక్స్‌టెండ్’లో ఉంచి మెనూ పనులు దానిమీద చేసుకోండి, టీవీకి గేము ఒక్కటే పంపండి. ‘డూప్లికేట్’ పెట్టొద్దు, రెండింటికీ ఒకే రిజల్యూషన్ అయిపోతుంది.

ఎర్ర వైరు వదిలేయండి. విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, ఆడియోలోకి వెళ్లి ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే రెండు వైపుల శబ్దం తెల్ల వైరులోనే వస్తుంది.

ఓరుగల్లు_సర్క్యూట్:
రాస్టర్ అన్న చెప్పింది రేసింగ్‌కు కరెక్టే. కానీ పాత ఫైటింగ్ గేములు చాలావరకు 60కే రాసినవి. 50కి సింక్ చేస్తే ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది, దెబ్బల టైమింగ్ మొత్తం పోతుంది. ముందు టీవీ మెనూలో కలర్ సిస్టమ్ చూడు తమ్ముడూ. ‘ఎన్‌టీఎస్‌సీ 3.58’ ఉంటే దాన్ని ఎంచుకుని, డబ్బాను ఎన్‌టీఎస్‌సీలో పెట్టి, పీసీ నుంచి 640×480, 60 హెర్ట్జ్ పంపు.

జాయ్‌స్టిక్_బెజవాడ:
పాల్‌లో కలర్ వచ్చింది, 720×576లో ఆకారం కూడా సరిపోయింది. మెనూలో ‘ఎన్‌టీఎస్‌సీ 4.43’ ఒక్కటే ఉంది. ఇంకో సమస్య: అడ్డంగా ఒక మసక పట్టీ మెల్లగా పైకి పాకుతోంది, పీసీ క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది.

ఓరుగల్లు_సర్క్యూట్:
4.43 ఒక్కటే అయితే ఆ డబ్బాతో 60లో కలర్ రాదు. పాల్‌లోనే ఉండి, ఎమ్యులేటర్‌లో వీ-సింక్ (ఫ్రేములను స్క్రీన్ వేగానికి కట్టేది) ఆపేసి ఆడియో సింక్ (ఆట వేగాన్ని శబ్దానికి కట్టేది) ఉంచు. వేగం సరిగ్గా ఉంటుంది, అక్కడక్కడా బొమ్మ చిరిగినట్టు కనిపిస్తుంది. కన్సోల్ గేములకు యూరప్ వెర్షన్ వాడితే వీ-సింక్ ఉంచొచ్చు, అదీ ఉండదు. అవి 50లో నడిచేవి, కాకపోతే చాలావాటిలో ఆట కూడా నెమ్మదిగానే ఉంటుంది.

జిల్లుమనడం ముందు చూసుకోవాల్సింది. పీసీ ప్లగ్‌కు ఎర్త్ అందట్లేదు: మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టుంటావు, లేదా సాకెట్‌లోనే ఎర్త్ వైరు లేదు. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) ఫిల్టర్ కెపాసిటర్ల గుండా క్యాబినెట్‌కు కరెంటు లీకేజీ వస్తుంది. అదే ఏవీ వైరు గుండా టీవీకీ వెళ్తుంది, పోర్టు కూడా కాలిపోవచ్చు. అడాప్టర్ తీసేయి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చెక్ చేయించు. అప్పటిదాకా పీసీ, టీవీ రెండింటి ప్లగ్గులూ తీసేశాకే ఏవీ వైరు పెట్టడం, తీయడం. ఎర్త్ సరయ్యాక కూడా పట్టీ పాకితే టీవీకి ఉన్న కేబుల్ వైరు ఊడదీసి చూడు. పట్టీ పోతే కారణం ఆ లైనే.

రాస్టర్_లైన్:
ఒక్కటి మర్చిపోయాను. వీజీఏ (పాత మానిటర్ల సాకెట్) నుంచి ఏవీకి అని ఉత్త వైరు అమ్ముతారు, అది కొనొద్దు. లోపల ఏ సర్క్యూటూ ఉండదు. వీజీఏ 640×480లో 31 కిలోహెర్ట్జ్ (సెకనుకు 31 వేలకు పైగా గీతలు) పంపుతుంది, టీవీ 15.6 దగ్గర గీస్తుంది, బొమ్మ నిలబడదు. ఇంకోటి, పట్టీ కోసమని టీవీ వెనక మూత విప్పొద్దు. ప్లగ్ తీసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జ్ మిగిలే ఉంటుంది.