అక్టోబరు కుటుంబ నడక: లిటిల్ వైల్డ్ హార్స్ కోన ఏర్పాట్లు, బాధ్యతల పంపకం

స్వచ్ఛంద సేవకులందరికీ నమస్కారం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ ప్రాంతంలో స్థిరపడిన మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలు అక్టోబరు చివరి వారంలో ఈ ఇరుకు కోనకు కలిసి వెళ్ళాలని గత సమావేశంలో అనుకున్నాం కాబట్టి, ఎవరు ఏ పని చూస్తారో ఇక్కడే తేల్చుకుందాం. నేను సెలవు మీద నెల్లూరులో ఉన్నాను. ఆ రోజులకు పిల్లల దగ్గరకు రానున్న కావలి, కందుకూరు, ఒంగోలు పెద్దలు కొందరితో మాట్లాడాను. వారి సందేహాలను కూడా దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ఈ కోన దక్షిణ యూటాకు వెళ్ళే దారిలో, శాన్ రఫాయెల్ స్వెల్ అనే రాతి కొండల ప్రాంతం అంచున, గాబ్లిన్ వ్యాలీ పార్కుకు దగ్గరలో ఉంది. మన ఇళ్ళ నుంచి కారులో సుమారు నాలుగు గంటల ప్రయాణం. మొదట ఎండిన వాగు ఇసుకలో కొంత దూరం నడిచాక దారి రెండుగా చీలుతుంది: ఎడమవైపుది బెల్ కోన, కుడివైపుది మనది. లోపలికి వెళ్ళేకొద్దీ నీరు కోసిన ఇసుకరాతి గోడలు దగ్గరవుతూ, కొన్నిచోట్ల రెండు భుజాలకూ ఒకేసారి తగులుతాయి. వీపున పెద్ద సంచి ఉన్నవారు పక్కకు తిరిగి నడవాలి. రెండు కోనలనూ కలిపి చుట్టి వస్తే దాదాపు ఎనిమిది మైళ్ళు అవుతుంది. పిల్లలతో అంత దూరం వద్దని నా అభిప్రాయం. ఇరుకు భాగం చూసి, వెళ్ళిన దారినే వెనక్కి రావడం మేలు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది వరద సంగతి. 2021 నవంబరులో పెన్నా వరద చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఎగువన కడప వైపు కురిసిన వానలకు కోవూరు దగ్గర ఊళ్ళు మునిగాయి, పడుగుపాడు వద్ద రైలు కట్ట కోతకు గురైంది. ఎడారి కోనలోనూ ముప్పు ఎగువ నుంచే వస్తుంది. నేలంతా బండరాయి కావడంతో నీరు ఇంకదు, ఎన్నో మైళ్ళ విస్తీర్ణంలో పడిన వానంతా ఒక్క సందులోకి చేరుతుంది. 1997 ఆగస్టు 12న ఆరిజోనాలోని లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది అలాగే ప్రాణాలు కోల్పోయారు; వారిని ముంచిన వాన ఎగువన ఎక్కడో కురిసింది. ఇలాంటి కోనల్లో తలెత్తి చూస్తే మనిషి ఎత్తుకు పైన రాళ్ళ మధ్య ఇరుక్కున్న చెట్టు మానులు కనబడతాయి. నీరు ఎంత ఎత్తున పారిందో చెప్పే గుర్తులవి.

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఉరుముల వానల కాలం కాబట్టే అక్టోబరును ఎంచుకున్నాం. అయినా ముందురోజు సాయంత్రం ఆ ప్రాంతం మొత్తానికి వాతావరణ సూచన చూసి, ఉరుముల వాన అవకాశం ఉందంటే కోనలోకి వెళ్ళకూడదు. ఈ నిర్ణయం ఒక్కరి చేతిలోనే ఉండాలి. అంతదూరం కారు నడిపి వచ్చాక, ఒక్కసారి తొంగి చూసి వద్దామనే మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అక్కడ చర్చకు తావు ఇవ్వకూడదని నా విన్నపం.

2019లో చేసిన చట్టంతో ఈ కోన వన్యప్రాంతంగా రక్షణ పొందింది. మనం ఒక సంఘంగా వెళ్తున్నాం కాబట్టి ముందస్తు అనుమతి అవసరమా, ఒక జట్టులో ఎంతమంది ఉండవచ్చు అన్నది ప్రైస్ పట్టణంలోని బీఎల్‌ఎం (ప్రభుత్వ భూములను చూసే సంస్థ) కార్యాలయాన్ని అడగాలి. యూటా బడులకు అక్టోబరు మధ్యలో వచ్చే సెలవుల్లో అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు, ఎదురొచ్చేవారికి దారి ఇవ్వడమే కష్టమవుతుంది. ఆ వారాంతాన్ని వదిలేద్దాం.

జవాబు, భోజనాలు చూసే అక్క నుంచి:
అన్నం పొట్లాలు కాకుండా పులిహోర, వేరుశనగ ఉండలు చిన్న డబ్బాల్లో సర్దిస్తాను. దారిలో తాగునీరు దొరకదు కాబట్టి పెద్దలకు తలా మూడు లీటర్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలని ప్రతి కుటుంబానికీ ఫోన్ చేసి చెబుతాను. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులున్నాయి, ఆవిడను తీసుకురావచ్చా, అన్నయ్యా?

జవాబు:
తప్పకుండా తీసుకురామ్మా, కానీ కోనలోకి వద్దు. దారిలో బండరాళ్ళు పట్టుకొని ఎక్కవలసిన చోట్లున్నాయి, చంటిపిల్లల బండి కూడా నడవదు. నడవలేని పెద్దల కోసం రెండు కార్లు నేరుగా గాబ్లిన్ వ్యాలీకి వెళ్తాయి. అక్కడ పుట్టగొడుగుల ఆకారంలో నిలబడిన రాళ్ళను నీడలో కూర్చునే చూడవచ్చు, మధ్యాహ్న భోజనానికి మిగిలినవారం అక్కడికే వచ్చి కలుస్తాం. ఫోన్ సంకేతం నమ్మదగినది కాదు గనుక కలిసే వేళను ముందే ఖాయం చేసుకోవాలి. ఆ రెండు కార్లు నడిపేవారు, బీఎల్‌ఎం కార్యాలయంతో మాట్లాడేవారు ఈ శుక్రవారం లోపు ఇక్కడ తెలియజేయగలరు.